రోడ్డు అంచు వదిలి మీటరు లోపలికి రండి

ప్రశ్న: నా వయసు 36. ఇల్లు మియాపూర్‌లో, ఆఫీసు నానక్‌రామ్‌గూడలో. క్యాబ్‌లతో విసిగిపోయి ఈ వేసవిలో సెకండ్ హ్యాండ్‌లో ఒక రోడ్ బైక్ కొన్నాను. టైర్లు 700×25 సైజువి. హఫీజ్‌పేట, కొండాపూర్, కొత్తగూడ మీదుగా వెళ్లివస్తుంటాను. వెనక నుంచి బస్సులు, టిప్పర్లు వస్తాయన్న భయంతో ఎంత వీలైతే అంత ఎడమ అంచున తొక్కుతాను. అయినా దాదాపు వారానికో పంక్చర్ అవుతోంది. పోయిన నెల ఒక కొత్త బిల్డింగ్ ముందు రోడ్డు మీదికి జారిన కంకరలో పడ్డాను. హెల్మెట్ ఉంది కాబట్టి తలకేమీ కాలేదు గానీ మోచెయ్యి, మోకాలు చెక్కుకుపోయాయి. ముందు షాక్ అబ్జార్బర్లు, లావు టైర్లు ఉన్న మౌంటెన్ బైక్ తీసుకోమని షాపతను అంటున్నాడు. సైకిల్ అమ్మేయమని మా ఆవిడ అంటోంది. రోడ్ల గురించి ఎవరికి చెప్పుకున్నా ఏమీ కాదని స్నేహితులు అంటున్నారు. నేనేం చెయ్యాలి? (ఒక పాఠకుడు, మియాపూర్)

సమాధానం:

‘ఎంత వీలైతే అంత ఎడమ అంచున’ అని ఒక్క మాటలో రాసేసి మీరు ముందుకెళ్లిపోయారు. నేను మాత్రం అక్కడే ఆగిపోయాను. మీ పంక్చర్లకూ, ఆ రోజు పడిపోవడానికీ ప్రధాన కారణం నాకు అక్కడే కనిపిస్తోంది. సైకిల్ మార్చాలా, టైర్లు మార్చాలా అన్నది తర్వాత చూద్దాం. ముందు మీరు రోడ్డు మీద తొక్కే చోటు మార్చండి.

మనకు సైకిల్ నేర్పిన పెద్దవాళ్లందరూ ‘ఓరగా పో’ అనే నేర్పారు. ఊళ్లో మట్టి రోడ్డు మీద రోజుకు నాలుగు బస్సులు వచ్చే కాలంలో అది మంచి సలహానే. ఇప్పటి కొండాపూర్ రోడ్డు మీద ఆ ఓర ఎలా ఉంటుందో ఒక్కసారి సైకిల్ దిగి నడిచి చూడండి. వాన నీళ్లు పారడానికి రోడ్డును మధ్యలో ఎత్తుగా, అంచుల వైపు వాలుగా వేస్తారు. దాంతో వానకు కొట్టుకొచ్చిన ఇసుకంతా అంచుకే చేరుతుంది. కార్ల టైర్లు రోజంతా చీపురులా ఊడ్చినట్టు తమ దారిని శుభ్రం చేసుకుంటూ, అక్కడున్న గాజు పెంకులనూ గులకరాళ్లనూ పక్కకు విసిరేస్తుంటాయి. అవీ అంచుకే వస్తాయి. రెడీమిక్స్ లారీ గొట్టం నుంచి కారి గట్టిపడిన కాంక్రీటు ముద్దలు, టిప్పర్ మీంచి జారిన కంకర, కూల్చిన గోడల పెళ్లలు, కేబుల్ కోసం తవ్వి సగం పూడ్చిన గాడి, వాన నీళ్లు దిగే జాలీలు, ఇవన్నీ ఆ రెండడుగుల పట్టీలోనే ఉంటాయి. ఖాళీ ప్లాట్ల పక్కనైతే పల్లేరు కాయలు కూడా. చిన్నప్పుడు చెప్పుల్లేని కాళ్లకు గుచ్చుకున్న ఆ పల్లేరు కాయే మీ 25 మిల్లీమీటర్ల సన్న టైరుకూ గుచ్చుకుంటుంది.

అంచున ఇంకో ప్రమాదం కూడా ఉంది, చాలామంది పడేది దాని వల్లే. పాత రోడ్డు మీద కొత్త తారు పొర వేసినప్పుడు అంచున ఒకటి రెండు అంగుళాల మెట్టు మిగులుతుంది. మీ ముందు చక్రం పొరపాటున ఆ మెట్టు కిందికి దిగిందనుకోండి. మీరు కంగారుపడి హ్యాండిల్‌ను మెల్లగా కుడికి తిప్పి ఎక్కించబోతారు. చక్రం మెట్టుకు రాసుకుంటూ దాని వెంటే పోతుంది తప్ప ఎక్కదు, మీ ఒళ్లేమో కుడికి వాలిపోయి ఉంటుంది. ఆ క్షణంలో పడేది రోడ్డు వైపుకి, అంటే వెనక వచ్చే బండి ముందుకి. అందుకే చక్రం కిందికి దిగితే అక్కడికక్కడ ఎక్కించే ప్రయత్నం చేయకండి. కింది నేల గట్టిగా ఉంటే దాని మీదే నిదానించి, ఆగి, సైకిల్‌ను చేత్తో ఎత్తి పైన పెట్టుకోండి. రోడ్డు వెంబడే నిలువునా సాగే గాడికీ, ఫ్లైఓవర్ మీద రోడ్డు సాగే దిశలోనే ఉండే అతుకులకూ ఇదే వర్తిస్తుంది. దాటక తప్పకపోతే వీలైనంత అడ్డంగా దాటాలి, ఏటవాలుగా కాదు.

మరి ఎక్కడ తొక్కాలి? ముందు వెళ్లే కారు ఎడమ టైరు ఏ దారిన పోతుందో అక్కడ. రోడ్డు అంచు నుంచి సుమారు మీటరు లోపలికి వస్తుంది. తారు అక్కడ నున్నగా ఉంటుంది, పెంకులుండవు, మూత లేని జాలీలు ఉండవు. పార్క్ చేసిన కార్లుంటే మాత్రం, తలుపు చటుక్కున తెరుచుకున్నా తగలనంత దూరం ఉంచండి. ఎడమ వైపే నడపాలన్న నియమం నిజమే, మీరు ఎడమ వైపే ఉంటారు. ఎడమ అంటే మురుగు కాలువ గట్టు అని ఎవరూ చెప్పలేదు.

మీ భయం నాకు అర్థమైంది. వెనక టిప్పర్ వస్తుంటే లోపలికి జరగమంటాడేమిటని మీకనిపిస్తుంది. కానీ డ్రైవర్ వైపు నుంచి చూడండి. మీరు అంచుకు అతుక్కుని పోతుంటే, అదే లేన్‌లో మీ పక్కనుంచి దూరిపోవచ్చని అతనికి అనిపిస్తుంది, దూరిపోతాడు కూడా. సరిగ్గా అప్పుడే మీ ముందు ఒక గుంత వస్తే మీకు తప్పుకోడానికి చోటుండదు. మీరు మీటరు లోపల ఉంటే అతనికి దూరం నుంచే కనిపిస్తారు, దాటాలంటే పక్క లేన్‌లోకి జరగాలని ముందే తేలిపోతుంది. పైగా మీకు ఎడమ వైపు ఒక మీటరు ఖాళీ చేతిలో ఉంటుంది. నిజంగా ఎవరైనా మీదికొస్తే జరగడానికి అదే మీ చోటు. అంచునే తొక్కేవాడికి ఆ చోటు ముందే ఖర్చయిపోయి ఉంటుంది.

బస్సుకు అడ్డం పడమని కాదు నేననేది. ఒకే గీతలో, నిలకడగా పొమ్మంటున్నాను. పార్క్ చేసిన రెండు కార్ల మధ్య ఖాళీ దొరికినప్పుడల్లా లోపలికి దూరి, మళ్లీ బయటికి రావడం అన్నిటికంటే ప్రమాదం. గుంత కోసం కుడికి జరగాలంటే కనీసం పది మీటర్ల ముందే వెనక్కి తిరిగి చూసి, కుడి చెయ్యి చాచి, అప్పుడు జరగాలి. వెనక్కి చూసేటప్పుడు సైకిల్ కుడికి లాగేస్తుంటే అది సాధనతో పోయే ఇబ్బందే. మీ ఆఫీసుకు దగ్గర్లోనే ఔటర్ రింగ్ రోడ్డు వెంబడి సోలార్ పైకప్పు కింద 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాక్ ఉంది, 2023 అక్టోబరులో తెరిచారు. ఒక ఆదివారం పొద్దున్నే అక్కడికెళ్లి ఒంటిచేత్తో తొక్కడం, గీత తప్పకుండా వెనక్కి చూడడం, ముందు బ్రేకు, వెనక బ్రేకు విడివిడిగా ఎంత పట్టు పడుతున్నాయో చూసుకోవడం అలవాటు చేసుకోండి. ఆ ట్రాక్ మిమ్మల్ని మియాపూర్ నుంచి ఆఫీసుకు తీసుకురాదు, కానీ ఈ పాఠాలకు అంతకంటే మంచి చోటు లేదు.

కంకర సంగతికి వద్దాం. మీరు పడిన రోజు ఏం జరిగిందో మీరు రాయలేదు, కానీ అక్కడ పడేవాళ్లు దాదాపు అందరూ ఒకే రకంగా పడతారు. చక్రం కింద రాళ్లు కరకరమనగానే ముందు బ్రేకు నొక్కుతారు, లేదా హ్యాండిల్ తిప్పుతారు. వదులు రాళ్ల మీద ముందు చక్రానికి పట్టు చాలా తక్కువ. ఉన్న కాస్త పట్టునూ బ్రేకుకో మలుపుకో ఖర్చు చేస్తే చక్రం పక్కకు జారిపోతుంది. కంకర కనిపించగానే, దాని మీదికి రాకముందే వేగం తగ్గించేయండి. మీదికొచ్చాక బ్రేకు ముట్టుకోవద్దు, హ్యాండిల్ తిప్పొద్దు. నిటారుగా, నేరుగా, పిడి మరీ బిగించి పట్టుకోకుండా దాటిపోండి. సైకిల్ కొంచెం అటూ ఇటూ ఊగుతుంది, ఊగనివ్వండి. గుంత తప్పించుకోలేనిదైతే రెండు పెడళ్లూ సమంగా ఒకే ఎత్తులో ఉంచి, సీటు మీంచి అంగుళం లేచి, మోచేతులు మడిచి వదులుగా ఉంచండి. అప్పుడు దెబ్బ మీ మోకాళ్లూ మోచేతులూ తీసుకుంటాయి. సీటు మీద బరువంతా వేసుకుని కూర్చుంటే వెనక చక్రమూ మీ నడుమూ తీసుకుంటాయి. చూపు మాత్రం గుంత మీద పెట్టకండి, దాని పక్కనున్న మంచి తారు మీద పెట్టండి. చూసే వైపుకే సైకిల్ పోతుంది.

దీన్నిబట్టే మౌంటెన్ బైక్ విషయం తేలిపోతుంది. మీకది అవసరం లేదు. తక్కువ ధర సైకిళ్లకు పెట్టే ముందు షాక్‌లు బరువు పెంచుతాయి, ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడు మీ శక్తిని మింగేస్తాయి, రెండు వానాకాలాలకు తుప్పుపట్టి బిగుసుకుపోతాయి. గుంతల నుంచి మిమ్మల్ని కాపాడేది టైరులో ఉండే గాలి. అందుకే 25 టైర్లు మాత్రం తప్పకుండా మార్చండి. ఫ్రేముకూ టైరుకూ మధ్య, బ్రేకుకూ టైరుకూ మధ్య ఎంత సందు ఉందో చూడండి. పాత రోడ్ బైక్‌లలో కొన్నిటికి 28 పడుతుంది, డిస్క్ బ్రేకులున్న కొత్త వాటిలో 32 కూడా పడుతుంది. లోపల పంక్చర్ తట్టుకునే పొర ఉన్న రకం అడగండి. బరువు కొంచెం ఎక్కువే, ధర కూడా ఎక్కువే, కానీ ఆఫీసుకెళ్లే మనిషికి ఆ ఖర్చు దండగ కాదు. 28 కూడా పట్టకపోతే అప్పుడు ఈ సైకిల్ అమ్మి, షాక్‌లు లేని హైబ్రిడ్, అంటే రోడ్ బైక్‌కూ మౌంటెన్ బైక్‌కూ మధ్య రకం సైకిల్, తీసుకోండి. 35 నుంచి 40 దాకా టైర్లు పడతాయి, మన రోడ్లకు నా ఓటు దానికే.

గాలి విషయంలో మనవాళ్లు రెండు తప్పులూ చేస్తారు. కొందరు రాయిలా కొట్టిస్తారు, కొందరు నెలల తరబడి చూడరు. 70 కిలోల మనిషికి 28 టైరులో సుమారు 75 నుంచి 80 పీఎస్ఐ (పంపు మీటరు మీద కనిపించే గాలి ఒత్తిడి కొలత), 35 టైరులో 50 నుంచి 55 సరిపోతుంది. ముందు చక్రంలో వెనకదాని కంటే కొంచెం తక్కువ. టైరు పక్కన అచ్చువేసిన గరిష్ఠ పరిమితి దాటొద్దు. సన్న టైర్లలో గాలి వారంలోనే బాగా తగ్గిపోతుంది, కాబట్టి మీటర్ ఉన్న నిలువు పంపు ఒకటి ఇంట్లో ఉండాలి. రోడ్డు పక్కన పంక్చర్ షాపులో కొట్టించుకుందామంటే మీ ట్యూబుకు ఉండేది బహుశా సన్నటి ప్రెస్టా వాల్వు, వాళ్ల గొట్టం దానికి పట్టదు. చిన్న ఇత్తడి అడాప్టర్ దొరుకుతుంది, ఒకటి కొని బ్యాగులో వేసుకోండి.

ఇక పంక్చర్లు. వారానికొకటి అన్నారు గానీ, అన్నీ ఒకేలాంటివా అని ఎప్పుడైనా చూశారా? ట్యూబు బయటికి తీసి గాలి నింపితే చిల్లు తనే చెబుతుంది. పక్కపక్కన రెండు గాట్లు, పాము కాటులా ఉంటే, గాలి తక్కువగా ఉండి గుంత అంచుకు కొట్టుకున్నప్పుడు రిమ్ముకూ రోడ్డుకూ మధ్య ట్యూబు నలిగిందన్నమాట. దానికి మందు గాలి చూసుకోవడం, లావు టైరు. చిల్లు ట్యూబు లోపలి వైపున, రిమ్ముకు ఆనే చోట ఉంటే స్పోక్ తలల మీద వేసే పట్టీ జరిగింది. అది పది నిమిషాల పని, దానికి రోడ్డును తిట్టి లాభం లేదు. బయటి వైపు సూది మొనంత ఒకే చిల్లు ఉంటే ముల్లో, గాజో, తీగో. ఈ తీగే అన్నిటికంటే మొండిది. లారీ టైర్లు పేలినప్పుడు లోపలి ఉక్కు తీగలు వెంట్రుకంత సన్నంగా రోడ్డంతా రాలతాయి. అవి మీ టైరులో దిగబడి బయటికి కనిపించవు. ట్యూబుకు ప్యాచ్ వేయించుకుని ఎక్కిస్తారు, రెండో రోజు మళ్లీ అదే చోట చిల్లు. మీకు వారం వారం అవుతున్న వాటిలో కొన్ని ఇలా పాత తీగ పనే అయ్యుంటుందని నా అనుమానం. ట్యూబు తీసినప్పుడు వాల్వు నుంచి చిల్లు ఎంత దూరంలో ఉందో కొలిచి, టైరు మీద అదే చోట వెతకండి. టైరు లోపల వేలు పెట్టి తడమొద్దు, తెగుతుంది. కొంచెం దూది తిప్పండి, తీగ ఉన్నచోట పట్టుకుంటుంది. పట్టకారుతో లాగేయండి. రాత్రి ఇంటికొచ్చాక చక్రం మెల్లగా తిప్పుతూ టైరు మీద గుచ్చుకుని ఉన్న గాజు ముక్కలు ఏరేస్తే, అవి ఇంకా లోపలికి దిగకముందే పోతాయి. ఒక స్పేర్ ట్యూబు, టైరును రిమ్ము నుంచి ఊడదీసే రెండు టైర్ లివర్లు, చిన్న పంపు దగ్గరుంటే దారిలో పదిహేను నిమిషాల్లో మళ్లీ బయలుదేరొచ్చు. ప్యాచ్ పని ఇంటి దగ్గర తీరిగ్గా చేసుకోవచ్చు.

వాన గురించి మాత్రం నేను కొంచెం కఠినంగానే చెప్తాను. నీళ్లు నిలిచిన చోట అడుగు కనిపించకపోతే సైకిల్ పోనివ్వకండి. అది ఎంత తెలిసిన రోడ్డయినా సరే. నిన్న మూతున్న మ్యాన్‌హోల్‌కు ఈ రోజు మూత ఉండకపోవచ్చు. నీళ్లు పోవాలని మూత తీసేస్తారు, పైన ఒక కొమ్మ కూడా పెట్టరు. చాలా రోజుల ఎండ తర్వాత పడే తొలి వానలో రోడ్డు మీది ఆయిల్ తేలి జారుడు ఎక్కువవుతుంది. తెల్ల రంగు చారలు, ఇనుప మూతలు, ఇనుప రేకులు తడిసినప్పుడు వాటి మీద బ్రేకూ వద్దు, మలుపూ వద్దు. వాన వెలిసిన మర్నాడు కూడా నిన్నటి రోడ్డు అనుకోకండి. కొత్త గుంతలు అప్పుడే తేలతాయి. తారులోని పగుళ్లలోకి నీళ్లు దిగి, పైన బండ్లు తొక్కుతుంటే కింది కంకర వదులైపోతుంది, ఒక్క రాత్రిలో పెళ్ల లేచిపోతుంది. రాత్రిళ్లు లైటును హెల్మెట్‌కు కాకుండా హ్యాండిల్‌కు పెట్టుకోండి. వెలుగు కింది నుంచి ఏటవాలుగా పడితే గుంతకు నీడ ఏర్పడి దూరం నుంచే కనిపిస్తుంది.

చెప్పుకున్నా ఏమీ కాదన్న మీ స్నేహితుల మాటతో నేను ఒప్పుకోను. ఎవరికి చెప్పాలో తెలిస్తే కొన్ని పనులవుతాయి. మ్యాన్‌హోల్ మూత లేకపోయినా, మురుగు పొంగినా అది జలమండలి పని, 155313కి ఫోన్ చేయండి. రోడ్డు మీద గుంతలు, కంకర కుప్పలు కార్పొరేషన్ పని. ఫిర్యాదుకు రెండు ఫొటోలు పెట్టండి. ఒకటి గుంతకు దగ్గరగా, పక్కన మీ నీళ్ల సీసా పెట్టి, లోతు తెలిసేలా. రెండోది దూరం నుంచి, పక్కనున్న షాపు బోర్డో, పిల్లర్ నంబరో కనిపించేలా. ఫిర్యాదు నంబరు రాసి పెట్టుకోండి. పని కాకుండానే ‘పరిష్కరించాం’ అని మూసేస్తే మళ్లీ తెరిపించండి. బిల్డింగ్ ముందు కంకరకైతే అంతకంటే దగ్గరి దారి ఉంది. ఆగి, సైట్ సూపర్‌వైజర్‌ను పిలిచి, ‘అన్నా, నిన్న ఈ కంకరలో పడ్డాను, దెబ్బ చూడు, సాయంత్రానికి లోపలికి లాగించు’ అని చెప్పండి. చాలామంది లాగిస్తారు. వినకపోతే, నిర్మాణ వ్యర్థాలు రోడ్డుకూ కాలువకూ అడ్డం రాకుండా చూసుకోవాల్సిన బాధ్యత వాటిని పోసినవాళ్లదేనని కేంద్ర నిబంధనల్లోనే ఉందని గుర్తుచేయండి.

ఇది సైకిల్ వాళ్ల గొడవ మాత్రమే కాదు. 2013 నుంచి 2017 దాకా ఐదేళ్లలో గుంతల వల్ల దేశంలో 14,926 మంది చనిపోయారన్న లెక్క చూసి, ఇది ఒప్పుకోదగ్గది కాదని 2018 డిసెంబరులో సుప్రీంకోర్టు అంది. మరుసటి ఏడాది మోటారు వాహనాల చట్టాన్ని సవరించినప్పుడు 198ఏ సెక్షన్ చేర్చారు. రోడ్డు డిజైన్, నిర్మాణం, నిర్వహణ ప్రమాణాలు పాటించక ఎవరైనా చనిపోయినా, వికలాంగులైనా బాధ్యులైన అధికారికి, కాంట్రాక్టరుకు లక్ష రూపాయల దాకా జరిమానా పడొచ్చు. ఒక ప్రాణానికి లక్ష ఏమిటని నాకూ కోపమొస్తుంది. అయినా రాతపూర్వకంగా ముందే ఫిర్యాదు ఉంటే ‘మాకు తెలియదు’ అనడం వాళ్లకు కష్టమవుతుంది. మీరు పంపే ఫొటో వెనకాల స్కూటీ మీద పిల్లల్ని స్కూలుకు తీసుకెళ్లే అమ్మలు ఉన్నారు, పాల క్యాన్లు కట్టుకుని చీకట్లో వచ్చేవాళ్లు ఉన్నారు, షిఫ్టు అయ్యాక డొక్కు సైకిల్ మీద ఇంటికి పోయే వాచ్‌మన్లు ఉన్నారు. యాప్‌లో ఫిర్యాదు పెట్టే తీరిక వాళ్లలో చాలామందికి ఉండదు.

ఆ గాయం గురించి ఒక మాట. కంకర గాయాన్ని ధారగా పారే నీళ్లతో, సబ్బుతో, నొప్పి ఓర్చుకుని ఒక్క ఇసుక రేణువు మిగలకుండా కడగాలి. లేకపోతే చీము పడుతుంది, చర్మం కింద నల్లటి మచ్చ మిగిలిపోతుంది. ధనుర్వాతం టీకా ఐదేళ్లలోపు వేయించుకుని ఉండకపోతే డాక్టరును అడగండి. పడినప్పుడు హెల్మెట్ నేలకు తగిలుంటే దాని పని అయిపోయినట్టే, పైకి బాగానే ఉన్నా మార్చేయండి.

చివరికి మీ ఆవిడ మాట. ఆమె భయానికి ఆధారం ఉంది, మీరు రక్తంతో ఇంటికొచ్చారు. ఏం కాదులే అని కొట్టిపారేయకండి. ఆదివారం ట్రాఫిక్ లేని వేళ ఆమెను బండి మీద కూర్చోబెట్టుకుని మీ దారంతా తిప్పి చూపించండి. ఏ బిట్‌లో అంచు చెడిపోయింది, ఎక్కడ తవ్వకం నడుస్తోంది, ఎక్కడ మెయిన్ రోడ్డు వదిలి కాలనీ లోపలి దారి పట్టొచ్చు, ఇద్దరూ కలిసి చూడండి. వెనక కూర్చున్నవాళ్లకు మీకు కనిపించనివి కనిపిస్తాయి. ఫ్లైఓవర్ పైనుంచి వెళ్లడం కంటే కింది నుంచే వెళ్లండి. పైన బండ్లు వేగంగా పోతాయి, గోడ వారన చెత్త పేరుకుని ఉంటుంది, తప్పుకోడానికి చోటుండదు. రాత్రి వాన పడితే సైకిల్ ఎక్కనని ఆమెకు మాటివ్వండి, ఆ మాట నిలబెట్టుకోండి. అలాంటి రాత్రి సైకిల్ ఆఫీసులోనే ఉండిపోవాలి, మీరు ఇంకేదైనా బండిలో ఇంటికి చేరాలి. అందుకు తాళం వేసి వదిలేయడానికి నీడపట్టున చోటుందో లేదో సోమవారమే మీ సెక్యూరిటీ వాళ్లను అడిగి పెట్టుకోండి.